మైసూరు ఏఎఫ్‌ఎస్‌బీ (వాయుసేన సెలక్షన్ బోర్డు) పిలుపు వచ్చింది, 24 రోజులే ఉంది. సీపీఎస్‌ఎస్‌కు (పైలట్ పనికి సరిపోతమా అని కంప్యూటర్ మీద చూసే టెస్టుకు) ఎట్ల తయారు కావాలె?

సిద్దిపేట_సాయి
సోమవారం, రాత్రి 9:50

అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్తే. నాది బీటెక్ మెకానికల్ అయిపోయింది, వయసు 22. ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన ఆఫీసర్ల రాత పరీక్ష) రెండోసారి రాస్తే ఈసారి గట్టెక్కిన. మొదటి ఆప్షన్ ఫ్లయింగ్ బ్రాంచి, రెండోది గ్రౌండ్ డ్యూటీ టెక్నికల్ పెట్టిన. మైసూరుకు పిలిచిన్రు.

రాత పరీక్షకైతే భయం లేకుండె. 100 ప్రశ్నలు, 300 మార్కులు, రెండు గంటలు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. పుస్తకాలున్నయ్, పాత పేపర్లున్నయ్. ఈ సీపీఎస్‌ఎస్‌కు మాత్రం ఏ పుస్తకం పట్టుకోవాల్నో సమజైతలేదు. దాంట్ల ఒక్కసారి ఫెయిలైతే జిందగీల మల్ల ఫ్లయింగ్ బ్రాంచికి రానియ్యరట. అది తెలిసిన కాడికెల్లి నిద్ర పడతలేదు. మా ఇంట్ల ఇప్పటిదాక ఎవ్వరు విమానం ఎక్కిందే లేదు.

జాయ్‌స్టిక్ కొనాల్నా? ఆరు వేలు చెప్తున్నరు. హైదరాబాద్‌ల ఒక కోచింగ్ సెంటరోళ్లు "సేమ్ మెషిన్ మా దగ్గర ఉంది, నాలుగు రోజులు కూసోబెడతం" అని పదిహేను వేలు అడుగుతున్రు. పోవాల్నా, వద్దా? నాయిన అప్పు తెస్తనంటున్నడు, అందుకే అడుగుతున్న.

దుండిగల్_పక్కింటోడు
సోమవారం, రాత్రి 10:15

ముందుగాల ముబారక్ తమ్మీ. మా ఇల్లు ఎయిర్‌ఫోర్స్ అకాడమీ గోడకు రెండు కిలోమీటర్లు ఉంటది. పొద్దుగాల పీసీ-7 ట్రైనింగ్ విమానాల చప్పుడుకే లేస్త, అలారం అక్కర్లే. నేను రాద్దామనుకున్న గాని నాకు చిన్నప్పటికెల్లి అద్దాలు. రోజూ అద్దాలు పెట్టుకునెటోళ్లను ఈ టెస్టుకు కూసోనియ్యరు. నీకు అద్దాల్లేవు గదా?

కోచింగ్ సంగతి నాకెర్క లేదు. అప్పు మాత్రం తేనియ్యకు.

ఒక్క_ఛాన్సు_2007
సోమవారం, రాత్రి 11:40

సాయీ, నువ్వు విన్నది నిజం. ఒక్కసారే. ఏఎఫ్‌ఎస్‌బీకి ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు, ఇంటర్వ్యూలో పోతే మళ్లీ వెళ్లొచ్చు. ఇది పోతే ఫ్లయింగ్ బ్రాంచి తలుపు మూసుకున్నట్టే. నేను 2007లో సీడీఎస్ (త్రివిధ దళాల ఆఫీసర్ల పరీక్ష) ద్వారా వెళ్లి అక్కడే పోగొట్టుకున్నాను. అప్పట్లో పేరు వేరు, పైలట్ ఆప్టిట్యూడ్ బ్యాటరీ టెస్ట్, పీఏబీటీ అనేవాళ్లం. ఇప్పుడు అంతా కంప్యూటర్ మీదకు మారి సీపీఎస్‌ఎస్ అయ్యింది గానీ వాళ్లు చూసేది మారలేదు.

ఒకటి డయల్సు చదవడం. విమానంలో ఉండే గడియారాల్లాంటి సాధనాల బొమ్మలు ఇస్తారు, వాటిని చూసి విమానం ఏం చేస్తోందో చెప్పాలి. టైము చాలా తక్కువ. రెండోది చేతులూ కాళ్లూ కలిపి పనిచేయడం. కుర్చీలో కూర్చోబెడతారు, ముందు తెర, చేతిలో కర్ర, కాళ్ల కింద పెడల్సు. తెర మీద ఒక చుక్క తనంతట తాను జారిపోతూ ఉంటుంది. దాన్ని గడి లోపల నిలబెట్టాలి. ఆ పనిలో ఉండగా లైట్లు వెలుగుతాయి, చప్పుళ్లు వస్తాయి, వాటినీ ఆర్పాలి. ఇంకొక దాంట్లో వంకరటింకర దారి పై నుంచి కిందికి వస్తూ ఉంటుంది, దాని మీదున్న చుక్కలను తప్పకుండా తాకుతూ పోవాలి. ఇప్పుడు వీటికి తోడు జ్ఞాపకశక్తి, ఏకాగ్రత చూసే అంశాలూ ఉన్నాయి.

నా తప్పు ఎక్కడో నాకు అక్కడే తెలిసిపోయింది. చుక్క ఎడమకు పోతే నేను కుడికి రెండింతలు తొక్కేవాణ్ణి. అది గడి దాటి కుడి చివరకు పోయేది. భయపడి మళ్లీ ఎడమకు. మా ఊళ్లో కొత్తగా ట్రాక్టరు పట్టినవాడు సాలు తప్పి పాము నడిచినట్టు నడుపుతాడే, అలాగ. ఈలోగా ఎర్రలైటు. దాన్ని ఆర్పి చూసేసరికి చుక్క కనిపించనే లేదు. బయటికొచ్చాక నా కుడి అరచేతిలో ఆ కర్ర గుర్తులు పడి ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకున్నానన్న సంగతే నాకు తెలియదు.

చదువుల్లో నేను క్లాసు ఫస్టు. ఇది చదువు కాదు.

మోడరేటర్
మంగళవారం, ఉదయం 7:05

రెండు విషయాలు. "సెలక్షన్ గ్యారంటీ" అంటూ ఫోన్ నంబరుతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాను, ఇంకోసారి పెడితే సభ్యత్వం పోతుంది. లోపల అడిగిన ప్రశ్నలు మక్కీకి మక్కీ ఇక్కడ పెట్టొద్దు. పద్ధతి గురించి మాట్లాడుకోవడానికి అభ్యంతరం లేదు.

జాయ్‌స్టిక్_బాబు
మంగళవారం, ఉదయం 8:30

బ్రో, నేను ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 600 గంటలు పైన. జాయ్‌స్టిక్ కొనెయ్, డౌటే లేదు. రోజుకు మూడు గంటలు ఆడితే నీ చేతికి అదే వస్తుంది. ఆరు వేలు ఎక్కువైతే ఓఎల్‌ఎక్స్‌లో సెకండ్‌హ్యాండ్‌ది చూడు.

ఇన్‌స్ట్రుమెంట్_ఫిట్టర్_శ్రీకాకుళం
మంగళవారం, ఉదయం 10:20

సాయిబాబూ, నేను పైలట్‌ని కాను. వాయుసేనలో ఇరవయ్యేళ్లు ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్ ట్రేడులో చేసి వచ్చేసినవాణ్ణి. నువ్వు చదవాల్సిన ఆ డయల్సు విప్పి, కొలిచి, సరిచేసి మళ్లీ బిగించడం నా పని. అందుకని వాటి సంగతి నాకు కాస్త తెలుసును.

కాళ్లూ చేతుల పరీక్ష ఇరవై నాలుగు రోజుల్లో నేర్చుకుంటే వచ్చీది కాదు. డయల్సు మాత్రం పది రోజుల్లో వచ్చేస్తాయి. ముందు నీ చేతిలో ఉన్నది పట్టుకో.

ముఖ్యమైనవి ఆరు. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ వేగం చూపుతుంది, నాట్లలో. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. ఇది బైకు స్పీడోమీటరు చదివినట్టే, దీనికి పాఠం అక్కర్లేదు. వర్టికల్ స్పీడ్ ఇండికేటర్ ముల్లు సున్నా దగ్గర అడ్డంగా ఉంటే విమానం ఎక్కడం లేదు, దిగడం లేదు. పైకి ఒకటి మీదుంటే నిమిషానికి వెయ్యి అడుగులు ఎక్కుతోందని, కిందికి ఒకటి మీదుంటే అంతే దిగుతోందని. దిక్కు చూపే డయల్ మీద చివరి సున్నా తీసేసి రాస్తారు. 3 అంటే 30 డిగ్రీలు, 12 అంటే 120, 33 అంటే 330. 90 దగ్గర తూర్పు అక్షరం, 180 దగ్గర దక్షిణం, 270 దగ్గర పడమర ఉంటాయి. టర్న్ అండ్ స్లిప్‌లో ముల్లు ఎటు తిరుగుతోందో చెప్తుంది, కిందున్న గాజుగొట్టంలోని బంతి ఆ తిరగడం శుభ్రంగా ఉందో లేదో చెప్తుంది. బంతి మధ్యలో ఉంటే బాగుంది. పక్కకు జారితే, ఎటు జారిందో ఆ కాలే తొక్కాలంటారు పైలట్లు.

మిగిలిన రెండే పిల్లల్ని ముంచేవి.

ఆల్టిమీటర్. దీనికి మూడు ముళ్లు. పొడుగుది వందలు, పొట్టిది వేలు, ఇంకొకటి పదివేలు. గడియారంలా ఉంటుంది గాని పన్నెండు కాదు, సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు. పొట్టి ముల్లు 6కీ 7కీ మధ్యలో, పొడుగుది 5 మీదుంటే 6,500 అడుగులు. ఇంతవరకు అందరూ చెప్తారు. పొట్టి ముల్లు 7కి ఆనుకుని ఉండి పొడుగుది 9 మీదుంటే? తొందరలో ఉన్నవాడు 7,900 అంటాడు. అది 6,900. ఏడుకు అయిదు నిమిషాలు తక్కువైనప్పుడు మీ ఇంట్లో గోడ గడియారం చూడు, గంటల ముల్లు ఏడు మీదే ఉన్నట్టుంటుంది. దాన్ని చూసి నువ్వు ఏడూ యాభై అయిదు అనవు కదా!

ఆర్టిఫిషియల్ హొరైజన్. ఇందులో చిన్న విమానం బొమ్మ కదలదు, వెనకున్న క్షితిజరేఖ కదులుతుంది. రేఖ కుడి చివర పైకి లేస్తే విమానం కుడికి వాలిందని అర్థం. ఎడమకు కాదు. విమానం బొమ్మ రేఖ కంటే కిందుంటే ముక్కు కిందికి ఉన్నట్టు.

రేపు ఒక బొమ్మ ఇస్తాను, అందరూ చెప్పండి. కోచింగ్ సొమ్ము గురించి నేను మాట్లాడను.

ఫిజిక్స్_లెక్చరర్_కర్నూలు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఫిట్టర్ గారు చెప్పిన ఆల్టిమీటర్ మాటకు ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధం అయినాక 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, సాధనాలను చదవడంలో పైలట్లకు జరిగిన 270 పొరపాట్లను సేకరించినారు. ఈ మూడు ముళ్ల ఆల్టిమీటర్‌ను వెయ్యి అడుగులు ఎక్కువగానో తక్కువగానో చదవడం వాటిల్లో ప్రధానమైనది. అంటే అప్పటికే వందల గంటలు ఎగిరిన వాళ్లు కూడా ఇదే తప్పు చేస్తా ఉండినారు. డయల్ తయారుచేసిన పద్ధతే తప్పుకు దారి తీస్తుందని అప్పటి నుంచే చెప్పడం మొదలైంది. కాబట్టి సాయీ, నువ్వు తప్పు చదివితే సిగ్గుపడొద్దు. ఇంటి దగ్గర వంద సార్లు తప్పు చదివి, అక్కడ సరిగ్గా చదువు.

ఇన్‌స్ట్రుమెంట్_ఫిట్టర్_శ్రీకాకుళం
బుధవారం, ఉదయం 9:00

ఇదిగో బొమ్మ. మాటల్లో చెప్తాను, కాగితం మీద గీసుకోండి.

వేగం 180 నాట్లు. ఆల్టిమీటర్‌లో పొట్టి ముల్లు 7కి ఆనుకుని, పొడుగుది 9 మీద (నిన్న చెప్పిందే, చూద్దాం ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో). వర్టికల్ స్పీడ్ ముల్లు కిందికి 1 మీద. క్షితిజరేఖ ఎడమ చివర కిందికి, కుడి చివర పైకి, విమానం బొమ్మ రేఖకు కాస్త కింద. దిక్కు పడమర. బంతి మధ్యలో. మలుపు స్టాండర్డ్ రేటు, అంటే సెకనుకు 3 డిగ్రీలు. అర నిమిషం తర్వాత విమానం ఎంత ఎత్తులో, ఏ దిక్కుకు ఉంటుంది?

జాయ్‌స్టిక్_బాబు
బుధవారం, ఉదయం 9:04

ఈజీ. 7,900 నుంచి అయిదు వందలు పోతే 7,400. రేఖ ఎడమకు వాలింది కాబట్టి ఎడమ మలుపు, దక్షిణం.

ఇన్‌స్ట్రుమెంట్_ఫిట్టర్_శ్రీకాకుళం
బుధవారం, ఉదయం 9:20

600 గంటల బాబూ, నాలుగు నిమిషాల్లో వెయ్యి అడుగులు తేడాగా, ఉత్తరానికి పోవలసినవాడివి దక్షిణానికి పోయావు.

జాయ్‌స్టిక్_బాబు
బుధవారం, ఉదయం 9:22

😅 సార్ స్క్రీన్ మీద చూస్తే ఆటోమేటిక్‌గా తెలిసిపోతుంది, రాతలో తికమక అయింది.

మైసూరు_రిటర్న్
బుధవారం, ఉదయం 11:45

6,400 అడుగులు, ఉత్తరం. కుడి మలుపు.

జాయ్‌స్టిక్ అన్నయ్యా, రేఖ సంగతికి నేను పెట్టుకున్న గుర్తు ఇది: బైక్ మీద కుడికి వంగి మలుపు తిరుగుతుంటే నీ కళ్లకు రోడ్డు ఎడమ పక్కకు వాలినట్టు, కుడి పక్క లేచినట్టు ఉంటుంది కదా. డయల్ ఆ రోడ్డును చూపిస్తుంది, నిన్ను కాదు. నాన్న బండి మీద వెనక కూర్చుని మా గాజువాక నుంచి వచ్చేటప్పుడు ప్రతి మలుపులో ఇదే చూసేదాన్ని. తర్వాత ఎప్పుడూ తప్పు పోలేదు.

నేను సీపీఎస్‌ఎస్ మైసూరులోనే పాసయ్యాను. ఆ తర్వాత కథ వేరే, అడిగితే చెప్తాను.

సిద్దిపేట_సాయి
బుధవారం, రాత్రి 8:10

అక్కా, అడుగుతున్న. చెప్పు ప్లీజ్. కాళ్లూ చేతుల టెస్టుకు నువ్వేం చేసినవ్?

మైసూరు_రిటర్న్
బుధవారం, రాత్రి 9:55

నిజం చెప్పాలంటే ఏమీ చెయ్యలేదు తమ్ముడూ. ఇంటర్వ్యూ, గ్రూపు టాస్కులు, కాన్ఫరెన్స్ అన్నీ అయి రికమెండ్ అయిన వాళ్లనే దీనికి కూర్చోబెట్టారు, కాబట్టి అప్పటికే ఒంట్లో ఓపిక సగం అయిపోయి ఉంటుంది. ముందు రాత్రి మా బ్యాచ్‌లో అందరూ పన్నెండింటి వరకు యూట్యూబ్‌లో దీని గురించే చూస్తూ కూర్చున్నారు. నేను తొమ్మిదిన్నరకే పడుకున్నాను, తలనొప్పిగా ఉండి. అదే పనికొచ్చిందేమో అనుకుంటాను.

ఒకటి మాత్రం చెప్తాను. ప్రతి దానికి ముందు ఏం చెయ్యాలో వివరంగా చెప్తారు, ప్రాక్టీసు ఇస్తారు. ఆ చెప్పేటప్పుడు "నాకు తెలుసులే" అనుకున్నవాళ్లే దెబ్బ తిన్నారు. ఏది తొక్కితే ఏం కదులుతుంది అన్నది ప్రాక్టీసులో మెల్లగా ఒక్కొక్కటీ కదిపి చూసుకున్నాను. అప్పుడు ఆడుకోవడానికి చూడకు, తెలుసుకోవడానికి చూడు.

చుక్క కొంచెం పక్కకు పోతే పోనీ. కొంచెమే తొయ్యి, ఆగు, చూడు, మళ్లీ కొంచెం. 2007 అన్నయ్య చెప్పిన ట్రాక్టరు మాట అక్షరాలా నిజం.

ఇన్‌స్ట్రుమెంట్_ఫిట్టర్_శ్రీకాకుళం
గురువారం, ఉదయం 8:40

అమ్మాయి బంగారంలాంటి మాట చెప్పింది. దానికి నేను ఒకటి కలుపుతాను, జాయ్‌స్టిక్ ఎందుకు వద్దంటానో.

సైకిల్ హ్యాండిల్ ఎడమ పిడి ముందుకు తోస్తే చక్రం ఎటు తిరుగుతుంది? కుడికి. చిన్నప్పటి నుంచి మన ఒంటికి పట్టిన అలవాటు అది. విమానంలో ఎడమ పెడల్ ముందుకు తొక్కితే ముక్కు ఎడమకే పోతుంది. పూర్తిగా తిరగేసిన లెక్క. మొదటిసారి పెడల్సు మీద కాళ్లు పెట్టిన ప్రతివాడికీ కాళ్లు మాట వినవు. కర్ర వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. ఇదీ కొందరికి తిరగబడుతుంది. ఇప్పుడు నువ్వు ఇంట్లో చేతికొచ్చిన సెట్టింగుతో మూడు గంటలు ఆట ఆడి, అక్కడ యంత్రం మరో రకంగా కదిలితే, కొత్తది నేర్చుకోవడం ఒక పని, పాతది మర్చిపోవడం ఇంకో పని. ఉన్న ఆ కాసేపు ప్రాక్టీసులో రెండు పనులు పెట్టుకోకు.

సిమ్యులేటర్ చెడ్డదని కాదు. కాక్‌పిట్ బొమ్మ తెర మీద పెట్టుకుని డయల్సు చదువుకోడానికి వాడుకో. దానికి కీబోర్డు చాలును.

జాయ్‌స్టిక్_బాబు
గురువారం, ఉదయం 9:15

సార్ పాయింట్ ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ అలవాటు ఉన్నవాడి చెయ్యి తేలిగ్గా ఉంటుంది, 2007 అన్నలా కర్రను నలిపెయ్యడు. అదీ లెక్కలోకి రావాలి.

ఒక్క_ఛాన్సు_2007
గురువారం, ఉదయం 9:30

అది నిజమే. రెండు వేళ్లతో పట్టుకోమని అప్పుడు నాకెవరైనా చెప్పుంటే బాగుండేది.

లక్ష్మీ_టీచర్_భీమవరం
గురువారం, సాయంత్రం 6:25

నమస్కారమండీ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష) రాస్తానంటోంది, ఎయిర్‌ఫోర్స్ అంటోంది. 2016లో దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా వచ్చినప్పుడు పేపర్లో పడిన ఫోటో ఇంకా దాని బీరువా తలుపుకి అంటించే ఉంది, అప్పుడది చిన్నపిల్ల. ఎన్‌డీఏ వాళ్లకీ ఈ పరీక్ష ఉంటుందా? ఇప్పుడు పోతే డిగ్రీ అయ్యాక మళ్లీ రాయొచ్చా?

ఒక్క_ఛాన్సు_2007
గురువారం, రాత్రి 10:30

నమస్తే మేడమ్. ఎన్‌డీఏలో ఎయిర్‌ఫోర్స్ అడిగినవాళ్లకూ ఇదే పరీక్ష. ఇప్పుడు పాసైతే ఆ పాసు తర్వాతి ఎంట్రీలకూ పనికొస్తుంది. పోతే మాత్రం 22 ఏళ్లకు ఏఎఫ్‌క్యాట్ ద్వారా వచ్చినా ఫ్లయింగ్‌కు కుదరదు. 17 ఏళ్లకే ఆ ఒక్క ఛాన్సూ వాడేసినట్టు. దాని కోసం ఆపమని నేను అనను. 17 ఏళ్ల పిల్లలు మనకన్నా తేలిగ్గా నేర్చుకుంటారు. కానీ ఆ సంగతి తెలిసి వెళ్లాలి.

దుండిగల్_పక్కింటోడు
గురువారం, రాత్రి 10:50

కలాం సారు గూడ డెహ్రాడూన్‌ల ఇట్లనే పోగొట్టుకున్నడు గదా. 25 మందిల తొమ్మిదో ర్యాంకు, తీసుకున్నది ఎనిమిది మందిని.

ఒక్క_ఛాన్సు_2007
గురువారం, రాత్రి 10:58

తమ్ముడూ, 2007లో నేను ఇంటికొచ్చిన రోజు నుంచి మా చుట్టాలందరూ నాకు చెప్పింది ఈ కథే. నేను రాష్ట్రపతిని కాలేదు, బ్యాంకులో లోన్ సెక్షన్ చూస్తున్నాను. 🙂

మైసూరు_రిటర్న్
శుక్రవారం, మధ్యాహ్నం 12:15

లక్ష్మీ మేడమ్, పుస్తకాలు కొనేముందు టేపు తీసుకుని మీ అమ్మాయిని కొలవండి. ఇది నా కథ, అందుకే చెప్తున్నాను.

ఫ్లయింగ్‌కు ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, మన లెక్కలో అయిదడుగుల నాలుగంగుళాలు. నాది 163, హమ్మయ్య అనుకున్నాను. అదొక్కటే కాదని నాకెవరూ చెప్పలేదు. కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్య ఉండాలి. కాలి పొడవు 99 నుంచి 120. తొడ పొడవు 64 దాటకూడదు. కాక్‌పిట్‌లో పెడల్సు అందాలి, ఎజెక్ట్ అయ్యేటప్పుడు మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగలకూడదు, అందుకు. రాత పరీక్ష, మైసూరు, సీపీఎస్‌ఎస్ అన్నీ దాటి, మెడికల్‌లో నా కాలి పొడవు 97.5 వచ్చింది. మూడుసార్లు కొలిచారు. కొలిచిన ఆయన ముఖంలోనే బాధ కనిపించింది. నా దగ్గర సీపీఎస్‌ఎస్ పాసు ఉంది, దాన్ని వాడుకునే కాళ్లు లేవు!

గోడకు వీపు, నడుము ఆనించి నేల మీద కూర్చుని, కాళ్లు నిటారుగా చాపి, గోడ నుంచి మడమ వరకు కొలవండి. ఇంట్లో కొలిస్తే ఒక సెంటీమీటరు అటూ ఇటూ వస్తుంది గానీ, ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

సిద్దిపేట_సాయి
శుక్రవారం, రాత్రి 7:40

అక్కా, సారీ అక్కా. ఇప్పుడే అమ్మతోని కొలిపించిన. 174, కాలు 106, తొడ 59. బచాయించిన.

కోచింగ్ వద్దని నాయినకు చెప్పిన. జాయ్‌స్టిక్ గూడ కొనలే. పాత క్యాలెండర్ వెనుక డయల్సు గీసి అరవై చీటీలు కోసిన. చెల్లె ఒక్కొక్కటి చూపెడతది, ఫోన్ల టైమర్ పెడతది. మొదటి రోజు 60ల 22 తప్పు. ఇయ్యాల 7. ఆల్టిమీటరే ఎక్కువ తప్పు పోతున్నది, ఫిట్టర్ సార్ చెప్పినట్టే.

ఇన్‌స్ట్రుమెంట్_ఫిట్టర్_శ్రీకాకుళం
శుక్రవారం, రాత్రి 8:30

శభాష్. ఇప్పుడు చెల్లిని పక్కన నిలబెట్టి, చీటీ చూపించేటప్పుడే పదమూడో ఎక్కం గట్టిగా అప్పజెప్పమను. చెవి అటు పోకుండా కళ్లు ఇటుండాలి. చదువుతూ పొరపాటు పడితే ఆగి చింతించకు, తర్వాత చీటీకి వెళ్లిపో.

రైలు సంగతి. కాచిగూడ నుంచి మైసూరుకు రైలుంది. రిపోర్టింగుకు ఒకరోజు ముందే దిగేలా చూసుకో. రాత్రంతా రైల్లో మెలకువగా ఉండి తెల్లారి నేరుగా గేటు దగ్గర నిలబడకు.

ఫిజిక్స్_లెక్చరర్_కర్నూలు
శనివారం, ఉదయం 7:50

సాయీ, డయల్సు మీదే ఉండిపోవద్దు. మొదటి రోజే స్క్రీనింగ్ ఉంటాది. ఓఐఆర్ రీజనింగు, తర్వాత పీపీడీటీ: బొమ్మ 30 సెకన్లు చూపించి, నాలుగు నిమిషాల్లో కథ రాయమని, ఆమీద గుంపులో మాట్లాడమంటారు. నా దగ్గర చదివిన పిల్లోళ్లలో శానామంది అక్కడి నుంచే తిరిగొచ్చినారు. దానిక్కూడా కొంచెం టైమియ్యి.

సిద్దిపేట_సాయి
శనివారం, ఉదయం 8:05

సరే సార్, చూస్త.

సిద్దిపేట_సాయి
(27 రోజుల తర్వాత) శుక్రవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. చెప్పాల్నంటే నామోషీగ ఉంది గాని, ఇన్ని రోజులు ఇంతమంది చెప్పిన్రు, చెప్పకుంటే పాపం.

నేను సీపీఎస్‌ఎస్ యంత్రం మొఖం గూడ చూడలే. మొదటి రోజు మధ్యాహ్నమే బయటకొచ్చిన.

ఓఐఆర్ మంచిగనే రాసిన. పీపీడీటీల బొమ్మ మసకమసకగ ఉంది, ఇద్దరు మనుషులు, వెనుక ఏందో చెట్టు లెక్క. నా కథ నేను బానే చెప్పిన. గుంపుల మాట్లాడుడు షురూ కాంగనే చేపల మార్కెట్టయింది. పదిహేను మంది ఒక్కపారి ఒర్రుతుంటే, నేను రెండుసార్లు నోరు తెరిచిన, రెండుసార్లు పక్కోడు అందుకున్నడు. ఊకున్న. చెస్ట్ నంబర్లు చదివిన్రు, నాది రాలే. రైలు ఛార్జీల ఫారం నింపిచ్చి పంపిన్రు. రూంల బ్యాగు సర్దుతుంటె అరవై చీటీలు కింద పడ్డయ్. ఒక్కొక్కటి ఏరుతుంటె నవ్వొచ్చింది, ఏడుపు గూడ వచ్చింది.

లెక్చరర్ సార్, మీరు చెప్పిన్రు. నేనే ఇనలే.

దుండిగల్_పక్కింటోడు
శుక్రవారం, రాత్రి 9:25

అరే, బాధపడకు తమ్మీ. నీ ఒక్క ఛాన్సు సీలు ఇప్పకుంట అట్లనే ఉంది గదా!

ఒక్క_ఛాన్సు_2007
శుక్రవారం, రాత్రి 9:50

ఇది ఓదార్పు కాదు, లెక్క. నువ్వు సీపీఎస్‌ఎస్‌లో ఫెయిల్ కాలేదు. ఫ్లయింగ్‌కు 20 నుంచి 24 మధ్య వయసు, ఏఎఫ్‌క్యాట్ ఏడాదికి రెండుసార్లు. నీకింకా ఛాన్సులున్నాయి. నోటిఫికేషన్‌లో నీ పుట్టినతేదీ ఏ బ్యాచ్‌కు సరిపోతుందో ముందే చూసుకో. ఈసారి చీటీలు తక్కువ, నలుగురిలో మాట్లాడటం ఎక్కువ. ఊళ్లో గ్రామసభకు వెళ్లి కూర్చో, ఒక్కసారి లేచి మాట్లాడు. అక్కడ మాట నిలబెట్టుకున్నవాడు ఎక్కడైనా నిలబెట్టుకుంటాడు.

జాయ్‌స్టిక్_బాబు
శుక్రవారం, రాత్రి 10:05

బ్రో, డిస్కార్డ్‌లో వారానికి రెండు రోజులు గ్రూప్ డిస్కషన్ పెడదాం. నేను గట్టిగా అరుస్తా, నువ్వు నన్ను ఆపు. దానికి మాత్రం నేను పనికొస్తా.

ఇన్‌స్ట్రుమెంట్_ఫిట్టర్_శ్రీకాకుళం
శనివారం, ఉదయం 8:15

చీటీలు పారెయ్యలేదు కదా? చూద్దాం, గుర్తున్నాయో లేదో.

వేగం 160 నాట్లు. పొట్టి ముల్లు 3కి కాస్త తక్కువ, పొడుగుది 8 మీద. వర్టికల్ స్పీడ్ పైకి అర, అంటే నిమిషానికి 500. క్షితిజరేఖ ఎడమ చివర పైకి, విమానం బొమ్మ రేఖకు పైన. దిక్కు ముల్లు 33కీ ఉత్తరానికీ సరిగ్గా మధ్యలో. బంతి మధ్యలో, మలుపు స్టాండర్డ్ రేటు. ఒక నిమిషం తర్వాత?

జాయ్‌స్టిక్_బాబు
శనివారం, ఉదయం 8:40

ఈసారి తొందరపడను. గీసుకుంటున్నా.

లక్ష్మీ_టీచర్_భీమవరం
శనివారం, ఉదయం 8:43

మా అమ్మాయి పక్కనుండి చెప్పేస్తోందండీ: 2,800లో ఉంది, ఎడమకు వాలి ఎక్కుతోంది, ఇప్పుడు 345. నిమిషం తర్వాత 165 డిగ్రీలు, 3,300 అడుగులు. కాలు కొలిచాను, 101.

సిద్దిపేట_సాయి
శనివారం, ఉదయం 8:44

నేను గూడ అదే టైప్ చేస్తున్న, ఒక్క నిమిషం లేటయింది. భీమవరం చెల్లె, తర్వాత దానికి చూద్దాం.